టెంకాయ మిఠాయికి కుంచె పందెం

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. డెబ్బై దాటాక కాస్త తగ్గింది గానీ, ఆ రోజుల్లో నా నోటికి తలుపూ లేదు, గడియా లేదు. మా వీధిలో షణ్ముగాలు ముగ్గురు ఉండేవాళ్ళు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి "కోపిష్టి షణ్ముగం" అని అడిగితే నేరుగా మా ఇంటికే తెచ్చి వదిలేవాళ్ళు. కాబట్టి ఈ కథలో తప్పెవరిదా అని మీరు చివరిదాకా వెతుక్కోనక్కర్లేదు. నాదే. కాకపోతే ఆ తప్పు ఎట్లా ఉడికిందో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

మాది తిరుత్తణి పక్కన నేతగాళ్ళ వీధి. ముప్పై ఇళ్ళు, ముప్పై గుంట మగ్గాలు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి. నేను చెప్పేది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో సంవత్సరం, మా కొండ స్వామి పండగ ఆడి కృత్తిక అయిపోయిన వారం సంగతి.

మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలుకి గంజి పట్టించాలి. మా పక్క పడుగుని పావు అంటారు. తెల్లవారుజామునే ఆ పావుని వీధి పొడుగునా కత్తెర కర్రల మీద చాచి కట్టి, దానిమీద గంజి చల్లి, తడి ఆరకముందే పెద్ద కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకి దువ్వాలి. గంజి ఎక్కువైన చోట పోగులు అతుక్కుంటాయి, తక్కువైన చోట తెగిపోతాయి. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదది. అందుకని ఎవరి పావు అయినా వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది, పావు ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ నోరు తీపి చేస్తారు.

ఇక కుంచె సంగతి. అది నాది. మూర వెడల్పు, గట్టి గడ్డివేళ్ళతో కట్టింది, మా తాత అరచెయ్యి రాపిడికి పిడి నున్నబడి, మా నాయన చేతిలో నల్లబడి, నాదాకా వచ్చింది. వీధిలో ఎవరి పావుకైనా కుంచె పట్టేది మా ఇంటి మగవాడే. కుంచె పట్టినవాడు గంజిలో వేలు ముంచి నాలుకకి రాసుకుని "ఊ" అంటేనే పని మొదలవుతుంది, "ఆపు" అంటే పెళ్ళి ఊరేగింపు అయినా ఆగాలి. పావు ఉన్న రోజు నేను నడిచే నడకే వేరుగా ఉండేది. మీసం కూడా ఆ రోజుల్లోనే నూనె రాసి దువ్వేవాణ్ణి.

ఆ వారం మొదటి పావు మా ఎదురింటి గోపాలన్‌ది. ఆడి కృత్తికకి కొండెక్కి వచ్చిన చుట్టాల వల్ల వీధిలో ప్రతి ఇంటా టెంకాయ చిప్పలు గంపలకొద్దీ పడి ఉన్నాయి. స్వామి ముందు కొట్టిన టెంకాయని మేము అమ్మం, ఎండబెట్టం, పుల్లబడే లోపల పదిమందికీ పంచాలి. అందుకని ఆ వారం ఎవరి పావుకైనా టెంకాయ మిఠాయే. గోపాలన్ ఇంట్లోనే కాదు, వీధిలో ఎవరింట్లో పెద్ద పనికైనా పొయ్యి దగ్గర కూర్చునేది నా పెళ్ళాం కాంచన. ఆమె మిఠాయి చేస్తే ముక్క అంచు కత్తితో గీసినట్లుండేది, నోట్లో వేసుకుంటే కొరకనక్కర్లేకుండా కరిగేది.

ఆ రోజు ముప్పై బారల పావుని ఒక్క పోగు తెగకుండా దువ్వి, నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. ఎవడూ నన్ను చూడలేదు. అందరి కళ్ళూ పళ్ళెం మీదే. పచ్చయ్యప్ప తాత, మా వీధిలో అందరికంటే పెద్దవాడు, నోట్లో రెండే పళ్ళు, ముక్క చప్పరించి కళ్ళు మూసుకున్నాడు.

"కాంచనా, నీ చేతిలో ఏముండాదో గానీ తల్లీ, నాకుండే రెండు పళ్ళకీ పని లేకుండా చేసేస్తివి. ఈ పొద్దు పావంటే ఇదే పావు!"

ఇదే పావా? మరి నేను ఇంతసేపూ దువ్వింది ఏంది, గడ్డివామా? నాకు అరికాల్లో మంట మొదలైంది.

"ఏముండాది తాతా దాంట్లో?" అన్నాను. "టెంకాయ కోరేది, చక్కెర పోసేది, గరిటె తిప్పేది. సుమ్మా, ఊరికే కూర్చోని చేసే పని. ఎండలో వంగి ముప్పై బారలు దువ్వితే తెలుస్తాది పనంటే ఏందో."

ఆడవాళ్ళందరూ కాంచన వైపు తిరిగారు. కాంచన కేకలు వేసే మనిషి కాదు. అదే నాకు భయం. కేకలేస్తే నేనూ నాలుగు కేకలేసి గెలవొచ్చు. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని నెమ్మదిగా అడిగింది.

"అట్టనా మామా? ఎల్లుండి పావు మనదే గదా. నువ్వు పొయ్యి కాడ కూర్చో. మిఠాయి నువ్వే చెయ్యి."

"చేస్తాను. ఏం, నాకు చేతుల్లేవా?"

"మొదటి పాకమే పాకం. చెడిపోతే మళ్ళా పెట్టేది లేదు. పావు ఆరేలోగా మిఠాయి నిలవాల, ముక్కలు కొయ్యాల. అట్ట చేసినావంటే ఇంక జన్మకి నీ కుంచె మాట ఎత్తను. చెయ్యలేకపోయినావంటే కుంచె నాకియ్యాల."

"ఒక్క రోజుకా?"

"నేను చాలనేదాంకా."

మా బావ చెంగల్రాయుడు, అంటే పక్కింట్లో ఉండే మా అక్క చంద్రావతి మొగుడు, "మచ్చాన్, వద్దురా" అని బావమరిది వరసన పిలిచి నా చొక్కా లాగాడు. అతను లాగకపోతే నేను ఆలోచించి ఉండేవాణ్ణేమో. లాగాడు కాబట్టి, "ఇచ్చినాను పో!" అన్నాను, వీధంతా వినేలాగా.

"కుంచె మాట ఎత్తను" అని ఎందుకందో మీకు చెప్పాలి. కాంచన నాకు మేనమామ కూతురు. మా మామ ఆదికేశవులు పళ్ళిపట్టులో కుంచె మనిషి. ఆయనకి మగపిల్లలు లేరు. కూతురికే నేర్పాడు, పెరట్లో పాత నూలు చాచి. పెళ్ళయిన కొత్తలో ఆమె నన్నడిగింది, "ఒక్కసారి, ఒక్క కొస దువ్వి ఇచ్చేస్తాను మామా" అని. నేను పడీ పడీ నవ్వాను. నవ్వి, ఆ మాట అరుగు మీద పదిమందికి చెప్పి వాళ్ళనీ నవ్వించాను. పదకొండేళ్ళయింది. ప్రతి పావుకీ ఆమె మిఠాయి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నా చేతులకేసే చూసేది. నాకు తెలుసు. తెలియనట్లు ఉండడం నాకు సుఖంగా ఉండేది.

మా పావు రోజు రానే వచ్చింది. ఇంకా చీకటి విచ్చుకోకుండానే వీధంతా లేచి పావు చాచుతోంది. నా కుంచె చెంగల్రాయుడు చేతిలో ఉంది. నేను వంటింట్లో కత్తిపీట ముందు. పన్నెండు చిప్పలు కోరాలి. నాలుగో చిప్పకే టెంకాయతో పాటు నా వేలి కణుపు కూడా కొంచెం కోరాను. కాంచన కోరితే తురుము మల్లెపూలలాగా పడుతుంది, నేను లోపలి గోధుమరంగు చెక్కదాకా గీకేశాను.

సరే, పాకం. ఇత్తడి బాణలిలో నెల రేషన్ చక్కెరంతా పోశాను. నీళ్ళెన్ని? ఆమె ఎప్పుడూ పోసేది చూశానే గానీ లెక్క చూడలేదు. చక్కెర మునగాలి కదా అని ఒక చెంబు పోశాను, మునిగాక కూడా సందేహం తీరక ఇంకో చెంబు. సరుగుడు కట్టెలు ఎగదోసి కూర్చున్నాను. అది మరుగుతుంది, మరుగుతుంది, ఇంకా మరుగుతుంది. గరిటెతో ఎత్తితే నీళ్ళలాగా జారుతుంది. బయట కాకులు లేచాయి. మద్రాసు పోయే తొలి రైలు కూత కూడా వేసింది.

చెంగల్రాయుడు కిటికీలోంచి తల పెట్టాడు. "ఏం మచ్చాన్, మిఠాయి చేస్తాండావా, నీళ్ళు పోసుకునేదానికి కాగు పెట్టినావా?"

"పోరా పో! పోయి కర్రలు సరింగా నిలబెట్టు!"

అతను పోయాడు గానీ వీధిలో నవ్వు వినిపించింది. ఇక నాకు ఓపిక చచ్చిపోయింది. మేము గంజి పలచనైతే ఏం చేస్తాం? పక్కన దించి పెడతాం, చిక్కన అడుక్కి పోతుంది, పైన తేరిన నీళ్ళు వంచేస్తాం. అంతేగా! బాణలి దించి, కాసేపు కదపకుండా పెట్టి, పైనున్న నీళ్ళు సగం వంచేద్దామనుకున్నాను. మూడు తరాలుగా గంజి కాచే వంశం మాది, నాకు పాఠం ఒకరు చెప్పాలా?

ఎక్కడ వంచాలి? పెరట్లో పోస్తే కాంచన చూస్తుంది. వెనక తలుపు పక్కన బర్రె కుడితి కుండ ఎప్పుడూ ఉంటుంది. మూత తీశాను, లోపల తెల్లగా కనిపించింది. సగం పాకం దాంట్లో వంచి మూత పెట్టేశాను. బాణలి అడుగున చిక్కదనం కోసం చూస్తే ఏముంది, అంతే పలచన. పోయింది నీళ్ళు కాదు, నీళ్ళతో పాటు సగం చక్కెర. చక్కెర గంజి లాగా అడుక్కి పోదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

అయ్యో అని తల పట్టుకునే లోపలే కాంచన, చెంగల్రాయుడు వెనక గుమ్మంలోకి వచ్చారు.

"గంజి యాడుండాది?" అన్నాడు మా బావ.

"ఇదే అన్నా. చుట్టాల కావళ్ళన్నీ ముందర ఆనించి పెట్టినారు గదా, కాలు తగుల్తాదని రాత్రి గంజి కుండని ఈడికి మార్చినాను. బర్రె కుడితి కొట్టంలో పెట్టినాను."

ఆమె చెయ్యి పెట్టింది నేను ఇప్పుడే పాకం పోసిన కుండ మీద.

గంజిలో చక్కెర పడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెప్తాను. ఆరుతుండగా పోగు పోగూ అతుక్కుంటాయి. విడదీస్తే తెగుతాయి. ఈలోగా చీమలు. చీమలు వదిలినవాటిని ఎలుకలు. అది దీపావళి చీరల పావు. అది పోతే పండగదాకా నా మగ్గం గుంటలో పిల్లి పడుకోవాల్సిందే. ఇప్పుడు నోరు తెరిచి "ఆగండి" అంటే, ఎందుకంటారు. ఎందుకో చెప్తే మొదటి పాకం చెడిపోయినట్లు, పందెం పోయినట్లు, మూడు తరాల కుంచె పోయినట్లు.

నేను నోరు మూసుకున్నాను. ఒట్టు, ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మూసుకునే ఉన్నాను.

కాంచన మూత తీసింది. అలవాటు కొద్దీ వేలు ముంచి నాలుకకి రాసుకుంది. నా వైపు ఒకసారి చూసింది. నేను పొయ్యిలోకి చూస్తూ ఊదుతున్నాను, మండుతున్న పొయ్యిని.

"ఏం మామా, పాకం వచ్చినాదా?"

"వస్తా ఉండాది."

"సరి. పదన్నా," అని కుండ ఒక పక్క ఆమె, ఒక పక్క అతను పట్టుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి పక్కింట్లో మా అక్క గొంతు, ఏవో గుసగుసలు, కుండల చప్పుడు. నేను పట్టించుకోలేదు. నాకు వినిపించింది ఒక్కటే, వీధిలో కుంచె చప్పుడు. సర్… సర్… ఒక్కొక్క దువ్వూ నా వీపు మీదే పడుతున్నట్లుంది.

మిగిలిన పాకాన్ని మళ్ళీ పొయ్యెక్కించాను. కనీసం మిఠాయి అయినా నిలవాలి కదా. లేకపోతే కుంచే పోయె, పావూ పోయె. చక్కెర తక్కువ, కొబ్బరి కొండంత. కె.జి. కండిగై సంతలో తెచ్చిన బెల్లం అచ్చు ఒకటి తట్టలో కనిపిస్తే దాన్ని నలగ్గొట్టి వేశాను. బెల్లం వేయకూడదని పందెంలో లేదుగా! పాకం ముదిరిందో లేదో ఎట్లా చూడాలి? ఏం తోచక, గంజి చూసినట్లు చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క పెట్టి, వేళ్ళు నెమ్మదిగా విడదీశాను. మొదట జారింది. ఇంకాసేపు ఆగి చూస్తే కొంచెం పట్టింది. మూడోసారి చూస్తే వేలికీ వేలికీ మధ్య ఒక్క పోగు సాగి నిలబడింది.

చేతికి తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళుగా గంజిలో ముంచిన వేళ్ళు కదా. అప్పుడు తురుము వేసి, ఇక గుమ్మం వైపు చూడకుండా తిప్పాను. బాణలి అంచులు వదిలి ముద్దంతా ఒక్కటై గరిటె వెంట తిరిగేదాకా తిప్పాను. యాలకుల పొడి వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి అరచేత్తో అద్దాను. చెయ్యి కాలింది, కాలనీ అనుకున్నాను. గోరువెచ్చగా ఉండగానే కత్తితో గీశాను. గీత నిలిచింది! నేను వంటింట్లో ఒక్కణ్ణే చిన్న గంతు కూడా వేశాను, ఎవరికీ చెప్పకండి.

పళ్ళెం పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఎండ పైకొచ్చింది. పావు సగం ఆరి గట్టిపడుతోంది. జనం మూగారు. పచ్చయ్యప్ప తాత ముక్క తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నోట్లో వేసుకుని కళ్ళు మూశాడు. కాంచన పావు అవతల నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"నిలిచినాది," అన్నాడు తాత. "రంగు కొంచెం మట్టి మాదిరి ఉండాది. బెల్లం వాసన తగుల్తాంది. అయినా మిఠాయి మిఠాయే. పందెం షణ్ముగానిదే, కుంచె షణ్ముగానిదే!"

వీధంతా గోల. గోపాలన్ నన్ను ఎత్తినంత పని చేశాడు. గెలిచాను! మీసం మీదికి చెయ్యి పోయింది. పోయిన చెయ్యి అక్కడే ఆగింది. నా కళ్ళెదురుగా ఉన్న కత్తెర కర్ర కాలి మీద నల్లగా ఒక గీత పైకి పోతోంది. చీమలు. పక్క కర్ర చూశాను, దానికీ చీమలే. కండ చీమలు, వెనకాల ఎర్రవి. ఒకదాని వెనక ఒకటి, పావు వైపే.

ఇప్పుడు కూడా మూసుకుని ఉండొచ్చు. ఎవరికి తెలుసు? చీమలు ఎందుకొచ్చాయో చీమలు చెప్పవు. కుంచె నాదే అని తాత తీర్పు కూడా చెప్పేశాడు. కానీ ఆ పావు చూస్తే, తెల్లటి నూలు, ముప్పై బారలు, పోగు పోగూ కాంచన చేత్తో చుట్టింది, మా మగ్గం మీదికి రావాల్సిన నూలు. నా వల్ల కాలేదు. పళ్ళెం తాత ఒళ్ళో పడేసి అరిచాను.

"ఆపండి! నీళ్ళు తెండి! పావు కడగండి, ఆరకముందే కడగండి! ఆ గంజిలో చక్కెర ఉండాది! నేనే పోసినాను! నా మొదటి పాకం చెడిపోయినాది, దాచేదానికి కుడితి అనుకోని గంజిలో పోసినాను! నేను ఓడిపోయినాను, కుంచె వద్దు నాకు, పావుని చూడండి ముందు!"

ఎవరూ కదల్లేదు. నీళ్ళకి ఒక్కడు పరిగెత్తలేదు. చెంగల్రాయుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊపుతున్నాడు. మా అక్క చంద్రావతి గోడ వైపు తిరిగిపోయింది. నాకు మండిపోయింది.

"ఏంది అట్ట చూస్తారు? మనుషులా, మానులా?"

"వేలు పెట్టి చూడు మామా," అంది కాంచన, పావు వైపు చూపిస్తూ.

తడిగా ఉన్న చోట వేలు అద్ది నాలుకకి రాసుకున్నాను. పులుపు. చప్పదనం. రాత్రి కాచిన మామూలు గంజి. తీపి అన్నమాటే లేదు. కొంచెం అవతల అద్ది చూశాను. అదే పులుపు.

"అది వదినోళ్ళ గంజి," అంది కాంచన. "రేపు వాళ్ళ పావుకని కాచి పెట్టినారు గదా, దాన్ని తెచ్చుకున్నాము. నీ పాయసం కుండ అద్దో, గోడ కాడ ఉండాది, మూత పెట్టి. రెండు దోసిళ్ళు మాత్రం తీసి కర్రల కాళ్ళకి పూసినాను. కాళ్ళకే. పావుకి చీమ చేరకుండా పైన వేపాకు కట్టినాను, చూసుకో."

చూశాను. ప్రతి కర్రకీ మధ్యలో వేపాకు రెమ్మలు, కింద చీమలు తికమకపడి తిరుగుతున్నాయి. పైన పావు దగ్గర ఒక్క చీమ కూడా లేదు.

"నీకు ముందే తెలుసా?"

"గుమ్మం దాటకముందే. గంజి రుచి చూడకుండా కుండ ఎత్తగూడదని మా నాయన నేర్పినాడు."

"తెలిస్తే అప్పుడే అడగొచ్చు గదే!"

"అడిగినాను గదా, పాకం వచ్చినాదా అని. వస్తా ఉండాది అంటివి." ఆమె గొంతులో నవ్వు లేదిప్పుడు. "కుంచె కోసం పావుని వదులుకుంటావా, పావు కోసం కుంచెని వదులుకుంటావా, అది చూడాలనిపించినాది మామా. చానా సేపు మూసుకోనుంటివి. నాకు భయమేసినాది."

జన్మలో మొదటిసారి కోపం రావాల్సిన చోట రాలేదు. సిగ్గు వచ్చింది, దాని వెనకే పావు బతికిందన్న సంతోషం వచ్చింది, రెండూ కలిసి కళ్ళలోకి వచ్చాయి. పొగ పొగ అంటూ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. వీధిలో పొయ్యి ఎక్కడుందని ఎవరూ అడగలేదు, అది వాళ్ళ మంచితనం.

ఇంకా నూనె దువ్వు మిగిలి ఉంది. గంజి పట్టాక చివరగా కుంచెకి కాస్త నూనె రాసి ఒక్క ఊపున దువ్వాలి, దానితో పోగులన్నీ విడివడి మెరుస్తాయి. చెంగల్రాయుడు దగ్గర నుంచి కుంచె తీసుకుని, పావు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళి, ఆమె చేతిలో పెట్టాను. పిడి పట్టుకునే ముందు ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది.

తర్వాత దువ్వింది. నేను మధ్యమధ్యలో అరుస్తాను, అడుగు సర్దుకుంటాను, పోగు తెగితే బూతులు తిడతాను. ఆమె ఏదీ చెయ్యలేదు. నడిచిపోయింది అంతే, కుంచె ఒక్కచోట కూడా తడబడకుండా, ముప్పై బారలూ. కొసకి చేరి వెనక్కి తిరిగి చూసుకుంది. పావు మొత్తం తళతళమంటోంది. ఆమె పెదవి కొరుక్కుంటోంది, ఏడుపు రాకుండా.

"ఆదికేశవులు చెయ్యే," అన్నాడు పచ్చయ్యప్ప తాత, ఒళ్ళో మిఠాయి పళ్ళెంతో. "అచ్చం వాడే."

నేను పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని వెళ్ళాను. ఆమె చేతులు నూనెతో ఉన్నాయి కాబట్టి నేనే నోట్లో పెట్టాను, అంతమంది ముందర. ఆడవాళ్ళు కిసకిసలాడారు. ఆమె నమిలింది.

"బెల్లం వేసినావా?"

"వేసినాను. తప్పా?"

"నేనూ వేస్తాను మామా, చిటికెడు. పదకొండేండ్లుగా తింటాండావు, యానాడన్నా కనుక్కుంటివా?"

ఆ పాయసం కుండ సాయంత్రం బర్రెకి పెట్టాం. మర్నాటి నుంచి అది మామూలు కుడితి ముట్టకుండా మా మొహాలకేసి చూడడం మొదలుపెట్టింది. దాన్ని దారికి తేవడానికి వారం పట్టింది.

మర్నాడు, రాత్రి మళ్ళీ కాచిన గంజితో, చెంగల్రాయుడి ఇంటి పావు. తెల్లవారకముందే లేచి, అలవాటు కొద్దీ మీసానికి నూనె రాసుకుని, గోడ మేకు దగ్గరికి వెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది. గుమ్మంలో మా బావ నిలబడి ఉన్నాడు.

"కాంచన ఎప్పుడో పోయినాది మచ్చాన్. పావు చాచేసినాము. నువ్వు రా బిన్నే, ఆలస్యమైనాది," అని చేతిలోని కత్తిపీట నాకిచ్చాడు. "పద్దెనిమిది చిప్పలుండాయి, మీ అక్క నీకోసరమే ఎత్తి పెట్టినాది. ఈసారి నీళ్ళు ఎక్కువ పోయొద్దు."

పోయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పోయలేదు. మా వీధిలో గంజి పావులు ఉన్నన్నాళ్ళూ, ఇరవై రెండేళ్ళు, నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను. లోపలి నుంచి కుంచె చప్పుడు వింటూ, దాని ఊపుకే గరిటె తిప్పేవాణ్ణి. "నేను చాలనేదాంకా" అంది కదా ఆ రోజు. ఇప్పుడు పావులూ లేవు, వీధిలో కర్రలూ లేవు, కుంచె మా ఇంట్లో ఆమె మంచం పైన గోడకి వేలాడుతోంది. నేను దాన్ని దులపడానికి చెయ్యి పెట్టినా సరే, మంచం మీద నుంచే అంటుంది, "మామా, ఆడ పెట్టు. నేనింకా చాలనలేదు."